ప్రొబేషన్ కేసుల్లో మధ్యవర్తిత్వం: బాధితుడి గడప నుంచి కోర్టు ఉత్తర్వు దాకా

ప్రొబేషన్ మీద, అంటే జైలుకు పంపకుండా సత్ప్రవర్తన షరతుతో కోర్టు వదిలితే, బయటకొచ్చే మనిషినీ, అతని వల్ల నష్టపోయిన మనిషినీ మాట్లాడించడం ఎలా? జిల్లా ప్రొబేషన్ అధికారులు, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన లాయర్లు, పారాలీగల్ వాలంటీర్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. చాలాచోట్ల మధ్యవర్తిత్వం పేరుతో జరుగుతున్నది వేరే పని. కోర్టు వరండాలో నలుగురు పెద్దమనుషులు చేరతారు, ఒక అంకె దగ్గర ఆగుతారు, బాధితుడి చేత సంతకం పెట్టించుకుంటారు. కేసు తేలిపోతుంది. దెబ్బతిన్న మనిషికి నోరు విప్పే అవకాశమే రాదు.

కింద చెప్పిన పద్ధతిలో వరస ముఖ్యం. ఒక అడుగు దాటేసి తర్వాతి దానికి వెళ్తే, బాగుచేయడానికి వచ్చిన పని బాధితుడికి రెండో దెబ్బ అవుతుంది.

1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టంలో మధ్యవర్తిత్వం అనే ప్రస్తావన లేదు. దానికి చోటిచ్చే సెక్షన్లు మాత్రం ఉన్నాయి. అధికారి నివేదికకు 4(2), 6(2), 14(ఎ). పరిహారానికి 5. బాండు (సత్ప్రవర్తనతో ఉంటానని దోషి కోర్టుకు రాసిచ్చే పత్రం) షరతులకు 4(4), వాటిని మార్చడానికి 8. పరిహారం చెల్లింపులో సలహా, సాయానికి 14(సి). మీరు వేసే ప్రతి అడుగూ వీటిలో ఒకదాని మీద నిలబడాలి.

1. ముందు కేసును జల్లెడ పట్టండి

ఎవరికీ ఫోన్ చేయకముందే ఫైలు చదవండి. ఈ కింది కేసులను అక్కడే పక్కన పెట్టేయాలి:

- మరణశిక్షకో యావజ్జీవానికో వీలున్న నేరాలు. వీటికి సెక్షన్ 4 వర్తించదు.
- ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసులు. 18 ఏళ్ళు దాటినవారికి ప్రొబేషన్ చట్టం వర్తించదని 1989 నాటి ఆ చట్టం సెక్షన్ 19 చెబుతోంది.
- అత్యాచారం, పోక్సో కేసులు. అత్యాచారం కేసులో రాజీ ఊసే ఉండకూడదని 2015లో మదన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లైంగిక నేరాల్లో నిందితుడికీ బాధితురాలికీ మధ్య రాజీని ప్రోత్సహించవద్దని 2021లో అపర్ణా భట్ కేసులో కింది కోర్టులను ఆదేశించింది.
- నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీసిన కేసులు. వీటిలో ప్రొబేషన్ ఇవ్వడం సరికాదని 2000లో దల్బీర్ సింగ్ కేసులో వచ్చిన తీర్పును కోర్టులు పాటిస్తున్నాయి.

భర్త చేతిలో దెబ్బలు తిన్న భార్య కేసును కూడా ఈ దారిలో పెట్టకండి. ఒకే కప్పు కింద బతికే ఇద్దరిలో ఒకరికి రెండోవారంటే భయం ఉన్నప్పుడు ‘స్వచ్ఛందంగా ఒప్పుకున్నారు’ అన్న మాటకు విలువ లేదు.

పనికొచ్చేవి ఏవి? ఇరుగుపొరుగు కొట్లాటల్లో గాయాలు, చిన్న దొంగతనాలు, ఆస్తికి నష్టం, అక్రమ ప్రవేశం, చిన్న మొత్తాల మోసాలు. నష్టం ఇంతని చెప్పగలిగి, బాధితుడు ఫలానా అని తెలిసి, ఇద్దరూ ఒకే ఊళ్ళోనో వీధిలోనో మళ్ళీ ఎదురుపడక తప్పని కేసుల్లో ఈ పని బాగా ఫలిస్తుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. రాజీకి వీలున్న నేరంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) సెక్షన్ 359 కింద బాధితుడు రాజీపడితే, అది నిర్దోషిగా విడుదలతో సమానం. అప్పుడు ప్రొబేషన్ ఉండదు, పర్యవేక్షణ ఉండదు, వాయిదాలు కట్టావా అని అడిగేవారూ ఉండరు. కాబట్టి ఆ దారిలో వెళ్తే డబ్బు మొత్తం ముందే చేతికి రావాలి. వాయిదాల మీద చెల్లింపు అనుకుంటే ప్రొబేషన్ దారే బాధితుడికి భద్రం. ఈ సంగతి బాధితుడికి చెప్పేవాళ్ళు చాలా తక్కువ.

2. ఏ దశలో మొదలుపెట్టాలి

తలుపులు మూడు.

మొదటిది ప్లీ బార్గెయినింగ్, అంటే నిందితుడు నేరం ఒప్పుకుని తక్కువ శిక్షతో కేసు పరిష్కరించుకునే పద్ధతి. సురక్షా సంహిత సెక్షన్లు 289 నుంచి 300 దీనికే. ఏడేళ్ళకు మించని శిక్ష ఉన్న నేరాలకే ఇది. మహిళల మీద, పిల్లల మీద జరిగిన నేరాలకు లేదు. అభియోగం మోపిన 30 రోజుల్లో నిందితుడు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇరుపక్షాలకూ సమ్మతమైన పరిష్కారానికి కోర్టు 60 రోజులకు మించకుండా గడువిస్తుంది. సెక్షన్ 293 ప్రకారం పరిహారం, ప్రొబేషన్ రెండూ ఒకే ఉత్తర్వులో రావచ్చు.

రెండోది, దోషి అని తేలాక శిక్ష ఖరారయ్యేలోపు. ప్రొబేషన్ అధికారి నివేదిక కోసం కోర్టు కేసును వాయిదా వేసే సమయం ఇది. దోషికి 21 ఏళ్ళు నిండకపోతే సెక్షన్ 6 కింద ఆ నివేదిక తప్పనిసరి. మధ్యవర్తిత్వానికి అన్నిటికన్నా అనువైన దశ ఇదే అని మా గట్టి అభిప్రాయం. నేరం జరిగిందా లేదా అన్న వాదన అప్పటికే ముగిసింది. ఇక మిగిలింది, జరిగినదానికి ఏం చేయాలన్నదే.

మూడోది పర్యవేక్షణ కాలం. ఉత్తర్వు వచ్చేసింది, పరిహారం చెల్లింపు నడుస్తోంది, లేదా ఇద్దరూ మళ్ళీ గొడవపడే సూచనలున్నాయి. ఇక్కడ 14(సి), 8 సెక్షన్లు ఆధారం.

విచారణ నడుస్తుండగా ఈ తలుపుల బయట మొదలుపెట్టకండి. ప్రొబేషన్ అధికారి పోలీసు అధికారి కాదు. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలును సాక్ష్యంగా వాడకుండా ఆపే నియమం, ప్రొబేషన్ అధికారిగా మీ ముందు చెప్పిన మాటను ఆపదు. నిందితుడు మనసు విప్పి మీతో అన్న మాటే రేపు అతని మెడకు చుట్టుకోవచ్చు. ప్లీ బార్గెయినింగ్‌లోనైతే దరఖాస్తులో చెప్పినదాన్ని మరే పనికీ వాడకూడదని సెక్షన్ 299 రక్షణ ఇస్తోంది.

3. కోర్టు అనుమతి, మధ్యవర్తి ఎంపిక

నివేదిక గడువులోనే ఈ పని చేస్తామని కోర్టుకు ఒక పేజీ మెమో వేయండి. అందులో ఇవి ఉంటే చాలు:

- కేసు నంబరు, సెక్షన్లు, ఏ దశ
- ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే ముందుకు వెళ్తామన్న మాట
- కావలసిన గడువు (30 నుంచి 45 రోజులు అడగండి, రెండు వారాల్లో ఇది సక్రమంగా అవదు)
- మధ్యవర్తి ఎవరు, సమావేశం ఎక్కడ
- ఒప్పందం కుదరకపోతే ఆ సంగతి ఎవరికీ వ్యతిరేకంగా రాయబోమన్న హామీ

మెమో కాపీ ఏపీపీకి (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు) ఇవ్వండి. ప్రాసిక్యూషన్‌కు తెలియకుండా బాధితుణ్ణి కలిస్తే సాక్షిని లోబరుచుకుంటున్నారన్న అనుమానం వస్తుంది.

మధ్యవర్తిగా ప్రొబేషన్ అధికారే కూర్చోవచ్చా? వద్దు. రేపు బాండు తప్పాడని కోర్టుకు చెప్పాల్సినది మీరే. ఆ మనిషి ముందు ఎవరూ మనసు విప్పరు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు రాసి, 40 గంటల శిక్షణ పొందిన మధ్యవర్తిని అడగండి. దొరకకపోతే కనీసం ఈ కేసును పర్యవేక్షించని మరో అధికారి కూర్చోవాలి. మీరు సమన్వయం చేయండి, కాగితాలు చూడండి, గదిలో మాత్రం ఉండకండి.

2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం క్రిమినల్ కేసులను సాధారణంగా పరిధి బయట పెట్టింది. రాజీకి వీలున్న నేరాలను కోర్టు మధ్యవర్తిత్వానికి పంపవచ్చు కానీ, అలా వచ్చిన ఒప్పందానికి తీర్పు హోదా లేదు. దాన్ని కోర్టు చట్టప్రకారం పరిశీలిస్తుంది, అంతే. కాబట్టి ‘ఇక్కడ సంతకం పెడితే కేసు అయిపోయినట్టే’ అని ఎవరూ అనకూడదు.

4. నేరం చేసిన వ్యక్తితో ముందుగా విడి సమావేశం

మొదట ఇతన్నే కలవాలి. బాధితుణ్ణి ముందు కలిసి ఆశ పెట్టాక ఇతను కాదంటే, ఆ మనిషి రెండోసారి మోసపోయినట్టవుతుంది.

గంట నుంచి గంటన్నర సమయం పెట్టుకోండి. ఒంటరిగా కలవండి, అన్నయ్య, మేనమామ బయట కూర్చోవాలి. ‘మీరు’ అనే పిలవండి. బాధితుణ్ణి ‘మీరు’ అని, ఇతన్ని ‘నువ్వు’ అని పిలిస్తే కలిసి కూర్చున్న రోజున మధ్యవర్తి ఎటువైపో మొదటి నిమిషంలోనే తేలిపోతుంది.

అడగాల్సినవి:

- ఆరోజు ఏం జరిగింది? (ఫైల్లో ఉన్నది చదివి వినిపించకండి)
- దానివల్ల అవతలి మనిషికి ఏమైందని మీరు అనుకుంటున్నారు?
- అప్పీలు వేసే ఆలోచన ఉందా? మీ లాయరు ఏమన్నారు?
- నెలకు ఎంత వస్తుంది, ఎంత ఖర్చవుతుంది, అప్పులు ఎన్ని?
- అవతలి మనిషి ‘ఎందుకు చేశావు’ అని అడిగితే ఏం చెబుతారు?

ఆఖరి ప్రశ్న దగ్గర ఆగి వినండి. ‘తాగి ఉన్నాను, తప్పైంది’ అన్నవాడితో పని సాగుతుంది. ‘అతనే రెచ్చగొట్టాడు’ అని పదే పదే అనేవాణ్ణి బాధితుడి ముందు కూర్చోబెట్టకండి. ఒక వారం ఆగి మరోసారి కలవండి. అప్పటికీ అదే పాట అయితే, మధ్యవర్తిత్వం మానేసి మామూలు నివేదిక ఇవ్వండి.

అప్పీలు వేస్తానన్న మనిషి ఒప్పుకోలుకు సిద్ధంగా లేడు. అతని హక్కు అది. దాన్ని అతని తప్పుగా నివేదికలో రాయకండి.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి: ఇందులో పాల్గొంటే ప్రొబేషన్ ఖాయం కాదు, పాల్గొనకపోతే జైలు ఖాయం కాదు. నిర్ణయం మేజిస్ట్రేటుది.

5. బాధితుడి దగ్గరకు

ఈ పనిలో అన్నిటికన్నా సమయం, ఓపిక పెట్టాల్సిన చోటు ఇదే.

ముందు సాదా లేఖ పంపండి, లేదా ఫోన్ చేయండి. ఎవరు, ఏ కేసు, ఎందుకు కలవాలనుకుంటున్నారో నాలుగు వాక్యాల్లో చెప్పండి. వద్దనే హక్కు ఉందని ఆ మొదటి ఫోన్‌లోనే చెప్పాలి. చెప్పకుండా గుమ్మం ముందు దిగితే, సర్కారు మనిషి వచ్చాడన్న బెదురుతోనే ఒప్పుకుంటారు. ప్రభుత్వ బోర్డున్న బండి వీధి చివరే ఆపండి.

కలిసే చోటు వాళ్ళే చెప్పాలి. సర్పంచి ఇల్లు వద్దు, పోలీసు స్టేషన్ వద్దు. బాధితురాలు మహిళ అయితే మహిళా మధ్యవర్తి గానీ మహిళా పారాలీగల్ వాలంటీరు గానీ వెంట ఉండాలి.

మొదటి అరగంట మీరు మాట్లాడకండి. కేసు పెట్టిన రోజు నుంచి ఆ మనిషి చెప్పుకున్నది స్టేషన్‌లో వాంగ్మూలంగా, కోర్టులో సాక్ష్యంగా మాత్రమే నమోదై ఉంటుంది. నిద్ర పట్టకపోవడం, పని మానుకోవడం, వీధిలో తల దించుకుని నడవడం ఏ కాగితంలోనూ ఉండవు. అవి బయటికి రానివ్వండి.

ఆ తర్వాత ఈ విషయాలు ఒక్కొక్కటీ చెప్పండి:

- వద్దంటే కేసు మామూలుగానే సాగుతుంది. మీకు నష్టం లేదు.
- వద్దన్నా సరే, సెక్షన్ 5 కింద పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది.
- పరిహారం తీసుకున్నంత మాత్రాన సివిల్ దావా హక్కు పోదు. అందిన మొత్తాన్ని ఆ కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది.
- దోషి ఇవ్వగలిగింది చాలకపోతే, కోర్టు సిఫారసుతో సురక్షా సంహిత సెక్షన్ 396 కింద బాధితుల పరిహార పథకం ఉంది.
- మధ్యలో ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చు.
- క్షమించాల్సిన అవసరం లేదు.

చివరిది రెండుసార్లు చెప్పండి. క్షమించకపోయినా వచ్చి ప్రశ్నలు అడగొచ్చని తెలిసిన బాధితులే ఎక్కువ ధైర్యంగా కూర్చుంటారు.

‘మీకేం కావాలి?’ అని అడగండి. ‘ఎంత కావాలి?’ అని అడగకండి. డబ్బు కాకుండా వేరే కోరికలు చాలా ఉంటాయి: పగలగొట్టిన ప్రహరీ కట్టించడం, దుకాణం ముందు నిలబడటం మానేయడం, తాగుడు మానడానికి చికిత్స, ఊరంతా ప్రచారం చేసిన అబద్ధాన్ని అదే నోటితో కాదని చెప్పడం.

అక్కడికక్కడే జవాబు తీసుకోకండి. ఏడు రోజులు గడువివ్వండి. ఆ వారంలో దోషి తరఫువాళ్ళు ఎవరైనా ఇంటికి వచ్చారేమో తర్వాత తప్పక అడగండి. వచ్చి ఉంటే ఆ ఒప్పుకోలు మీద నమ్మకం పెట్టుకోకండి. మళ్ళీ మొదటి నుంచి మాట్లాడండి.

6. ఎదురెదురుగానా, విడివిడిగానా

అన్ని కేసుల్లోనూ ఎదురెదురుగా కూర్చోబెట్టాల్సిన పని లేదు. మధ్యవర్తి ఇద్దరి మధ్యా తిరిగి మాటలు మోసినా ఒప్పందం సమంజసంగానే కుదురుతుంది. కింది వాటిలో ఒక్కటున్నా విడివిడి పద్ధతే ఎంచుకోండి:

- బాధితుడు అతని ముఖం చూడలేనన్నాడు
- దోషి కుటుంబం దగ్గర బాధితుడికి అప్పుందో, కౌలు భూమి ఉందో, కూలి పని ఉందో
- కులం వల్లనో పదవి వల్లనో ఒకరి ముందు ఒకరు కుర్చీలో కూర్చోలేని పరిస్థితి ఉంది

నేరం తర్వాత కూడా బెదిరింపు జరిగి ఉంటే ఏ పద్ధతీ వద్దు, ఆ సంగతి కోర్టుకు చేరాలి.

7. కలిసి కూర్చునే రోజు

చోటు: న్యాయ సేవాధికార సంస్థలోని మధ్యవర్తిత్వ గది, లేదా మండల కేంద్రంలో తలుపు వేసుకునే వీలున్న ఏదైనా ప్రభుత్వ గది. రెండు గంటలు ఖాళీగా ఉంచుకోండి. ఒకే ఎత్తు కుర్చీలు. బాధితుడి కుర్చీ తలుపుకు దగ్గరగా. మంచినీళ్ళు. గదిలో ఫోన్లు వద్దు. వీడియో వాట్సాప్‌లోకి ఎక్కితే పని మొత్తం పోతుంది.

ఇద్దరినీ అరగంట తేడాతో పిలవండి. బాధితుడు ముందు వచ్చి కుదురుకోవాలి, ముందే వెళ్ళిపోవాలి. బస్టాండు దాకా ఇద్దరూ కలిసి నడిచే పరిస్థితి రానివ్వకండి.

ఒక్కొక్కరి వెంట ఒక్కరే తోడు. ఆ తోడు మాట్లాడరు. లాయర్లు ఒప్పంద పత్రం దగ్గర రావచ్చు, మాటల దగ్గర అవసరం లేదు.

వరస ఇలా ఉండాలి:

1. మధ్యవర్తి నియమాలు చెప్పడం: ఒకరు మాట్లాడుతుంటే మరొకరు ఆపకూడదు, తిట్లు వద్దు, ఇక్కడి మాట ఇక్కడే (10 నిమిషాలు).
2. ముందు ఎవరు మాట్లాడాలో బాధితుడు ఎంచుకోవడం. కొందరు ముందు తామే చెప్పాలనుకుంటారు, కొందరు ముందు అతని నోట వినాలనుకుంటారు.
3. జరిగినది, దాని ఫలితం (30 నుంచి 40 నిమిషాలు).
4. బాధితుడి ప్రశ్నలు. ‘మా ఇల్లే ఎందుకు?’ అన్నది దొంగతనం కేసుల్లో దాదాపు ప్రతిసారీ వస్తుంది. జవాబు దోషే చెప్పాలి, మధ్యవర్తి అందివ్వకూడదు.
5. పది నిమిషాల విరామం, విడివిడి గదుల్లో.
6. ఏం చేయాలన్న చర్చ. డబ్బు మాట ఇక్కడే మొదటిసారి రావాలి.

డబ్బుతో మొదలుపెట్టిన సమావేశం బేరంగానే ముగుస్తుంది. పై వరసలోని 3, 4 అంశాలు అయ్యాకే అంకెలోకి వెళ్ళండి.

మౌనం వస్తే భరించండి. నిశ్శబ్దాన్ని పూడ్చడానికి మధ్యవర్తి ‘సరే, అయిందేదో అయింది’ అన్నాడంటే బాధితుడు అక్కడితో ముడుచుకుపోతాడు.

దోషి తల్లి వచ్చి బాధితుడి కాళ్ళ మీద పడటం మన ఊళ్ళలో తరచూ జరుగుతుంది. ముందే నివారించండి. పెద్దావిడ కాళ్ళు పట్టుకున్నాక కాదనగలిగే మనిషి ఉండడు. అది ఒప్పుకోలు కాదు, ఒత్తిడి. జరిగితే సమావేశం ఆపి, వారం తర్వాత మళ్ళీ పెట్టండి.

8. డబ్బు లెక్క

రెండు లెక్కలు విడిగా వేయాలి: నష్టం ఎంత, చెల్లించే శక్తి ఎంత. కలిపితే గందరగోళం.

ఉదాహరణకు ఒక కొట్లాట కేసు. మందులు, ఎక్స్‌రే బిల్లులు 3,200 రూపాయలు. 12 రోజులు పని పోయింది, రోజు కూలి 600 చొప్పున 7,200. పగిలిన ఫోన్ బాగుచేయడానికి 4,600. మొత్తం 15,000. బిల్లు లేని ఖర్చుకు బాధితుడి మాట, స్థానిక ధర రెండూ రాసుకోండి.

దోషి సంపాదన నెలకు 14,000, ఇంటి ఖర్చు, అప్పు కలిపి 12,000. మిగిలేది 2,000. అందులో మొత్తం అడగకండి. ఒక్క జ్వరం వచ్చినా వాయిదా తప్పుతుంది. నెలకు 1,500 పెట్టండి. సంతకం రోజున 3,000, ఆపైన 1,500 చొప్పున 8 నెలలు 12,000. మొత్తం 15,000.

ఎనిమిది నెలలే ఎందుకు? సెక్షన్ 4(3) కింద పర్యవేక్షణ ఉత్తర్వు ఏడాదికి తగ్గకూడదు. ఏడాది పర్యవేక్షణలో ఎనిమిదో నెలకు చెల్లింపు ముగిస్తే, ఒకటి రెండు వాయిదాలు జారినా సర్దుకునే వ్యవధి మిగులుతుంది. బాండు గరిష్ఠంగా మూడేళ్ళు. పరిహారం దాని అంచు దాకా సాగదీయకండి.

అలాగని శక్తి తక్కువన్న సాకుతో నష్టాన్నే తక్కువ చేసి రాయకండి. 1988లో హరిసింగ్ కేసులో సుప్రీంకోర్టు దోషులకు ప్రొబేషన్‌ను ఉంచుతూనే, మాట పడిపోయిన బాధితుడికి ఇచ్చే పరిహారాన్ని 50,000 రూపాయలకు పెంచింది. ప్రొబేషన్ ఇస్తున్నారు కదా అని పరిహారం నామమాత్రం కానక్కరలేదు.

డబ్బు బ్యాంకు ఖాతాలోకి నేరుగా గానీ, కోర్టులో జమ ద్వారా గానీ వెళ్ళాలి. అధికారి చేతి మీదుగా ఒక్క రూపాయి కూడా పోకూడదు.

9. ఒప్పంద పత్రం

తెలుగులో, చిన్న వాక్యాల్లో, ఒక పేజీ మించకుండా. చదవలేనివారికి చదివి వినిపించినట్టు కింద రాయాలి. ఉండాల్సినవి:

- ఎవరు, ఏం, ఎంత, ఏ తేదీకి, ఏ పద్ధతిలో
- డబ్బు కాని పనులకూ కొలత, గడువు (‘ప్రహరీ 12 అడుగులు, మార్చి 31 లోపు’ లాగా)
- వాయిదా కట్టలేకపోతే ఎన్ని రోజుల ముందు ఎవరికి చెప్పాలి
- ఇద్దరూ ఎదురుపడితే ఎలా మెలగాలి
- కోర్టు ఆమోదానికి లోబడి అన్న వాక్యం

ఉండకూడనివి: ‘ఇకమీదట ఎలాంటి కేసూ పెట్టను’, ‘సాక్ష్యం చెప్పను’, ‘మనస్ఫూర్తిగా క్షమించాను’, ‘బుద్ధిగా ఉంటాను’. మొదటి రెండూ చట్టానికి ఎదురు. మూడోది ఎవరి చేతా రాయించకూడనిది. నాలుగోదాన్ని కొలవలేం.

సంతకానికి ముందు 48 గంటలు కాపీ ఇంటికి ఇవ్వండి.

10. కోర్టుకు నివేదిక

ప్రొబేషన్ అధికారి నివేదిక సెక్షన్ 7 కింద గోప్యం. దాని సారాంశాన్ని కోర్టు దోషికి తెలియజేయవచ్చు. మధ్యవర్తిత్వంలో ఎవరు ఏమన్నారో అందులో రాయకండి. సమావేశం జరిగిందా, ఒప్పందం కుదిరిందా, జతచేసిన పత్రం ఇదీ. అంతవరకే. ఏడ్చాడని, పశ్చాత్తాపం కనిపించిందని రాస్తే, తర్వాతి కేసు నుంచి ప్రతివాడూ ఏడవడం నేర్చుకుంటాడు.

కుదరకపోతే ‘ఒప్పందం కుదరలేదు’ అన్న ఒక్క వాక్యం. ఎవరి వల్ల అన్నది వద్దు.

ఒప్పందం ఉత్తర్వులోకి ఎక్కకపోతే అది ఉత్త కాగితమే. మొత్తాన్ని సెక్షన్ 5 కింద పరిహారంగా, మిగతా పనులను 4(4) కింద బాండు షరతులుగా చేర్చమని నివేదికలోనే కోరండి. సెక్షన్ 5 మొత్తం జరిమానాలా వసూలవుతుంది. షరతు తప్పితే సెక్షన్ 9 పనిచేస్తుంది. రెండు వైపులా పట్టు ఉండాలి.

11. పిల్లలు నేరం చేసిన కేసులు

18 ఏళ్ళలోపువారి దారి వేరు: 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం. జువైనల్ జస్టిస్ బోర్డు ముందు మొదటిసారి హాజరుపరిచిన 15 రోజుల్లో సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి కాబట్టి, మధ్యవర్తిత్వాన్ని అందులో ఇరికించకండి. సాధ్యమేనని నివేదికలో రాసి, బోర్డు ఉత్తర్వు తర్వాత చేయండి. సెక్షన్ 18 కింద మందలింపు, సామాజిక సేవ, సత్ప్రవర్తన మీద విడుదల లాంటివి ఉన్నాయి.

బాలుడి పేరు, బడి, ఫొటో బయటకు రాకూడదని సెక్షన్ 74 చెబుతోంది. బాధితుడి తోడుగా వచ్చినవారికీ ఇది చెప్పి సంతకం తీసుకోండి. పరిహారం తండ్రి కట్టేసి చేతులు దులుపుకుంటే పిల్లవాడికి ఏమీ తగలదు. అతను స్వయంగా చేసే పని ఒకటి ఒప్పందంలో ఉండాలి.

12. తరచూ తలెత్తే ఇబ్బందులు, సరిదిద్దే తీరు

*ఊరి పెద్ద ముందే అంకె తేల్చేశాడు.* ఆ అంకెను పక్కన పెట్టి బాధితుణ్ణి విడిగా కలవండి. తనంతట తానే అదే అంకె చెబితే సరే.

*బాధితుడు ఊహించనంత పెద్ద మొత్తం అడిగాడు.* తగ్గించమనకండి. ఏ ఖర్చు ఎంతో విడదీసి రాయమనండి. చాలాసార్లు ఆ అంకెలో అవమానం కూడా కలిసి ఉంటుంది. దానికి డబ్బు కాక వేరే పరిష్కారం కావాలేమో అడగండి.

*దోషి కంఠస్థం చేసిన క్షమాపణ వల్లించాడు.* ఆపండి. ‘మీరు చేసిన పనేమిటో మీ మాటల్లో చెప్పండి’ అని మధ్యవర్తి అడగాలి.

*బాధితుడు వస్తానని చెప్పి రాలేదు.* వెంటపడకండి. ఒక్క ఫోన్, ఆపైన ఒక లేఖ. జవాబు లేకపోతే వద్దన్నట్టే.

*నేరం చేసినవాళ్ళు నలుగురు, బాధితుడు ఒక్కడు.* నలుగుర్నీ ఒకేసారి కూర్చోబెట్టకండి. ఒక్కొక్కరితో ఒక్కో సమావేశం, లేదా విడివిడి పద్ధతి.

13. పర్యవేక్షణ, ఫైలు మూసివేత

ఉత్తర్వు వచ్చిన వారంలోపు దోషిని కలిసి, ప్రతి వాయిదా తేదీ ఉన్న కార్డు ఇవ్వండి. ప్రతి నెలా జమ అయిన రోజున బాధితుడికి ఫోన్ చేసి అందిందా అని అడగండి. బ్యాంకు రసీదు ఒక్కటే చూసి ఊరుకోకండి. మూడో నెలలో ఒకసారి ఇంటికి వెళ్ళి, మళ్ళీ ఏదైనా ఇబ్బంది వచ్చిందా అని అడగాలి.

వాయిదా తప్పితే ముందు కారణం తేల్చండి. పని పోయింది, ఆసుపత్రి పాలయ్యాడు అంటే సెక్షన్ 8 కింద షరతు మార్చమని కోర్టును కోరండి, బాధితుడికి ముందే తెలియజేయండి. డబ్బుండీ కట్టకపోతే సెక్షన్ 9 కింద నివేదిక ఇవ్వాలి. మొదటి తప్పుకు కోర్టు 50 రూపాయలకు మించని జరిమానాతో బాండును కొనసాగించవచ్చు, లేదా అసలు నేరానికి శిక్ష వేయవచ్చు. రెండు వాయిదాలు వరసగా తప్పేదాకా చూస్తూ కూర్చోకండి. మొదటి వాయిదా తప్పిన పదో రోజే కదలాలి.

మూసేటప్పుడు ఫైల్లో ఇవి ఉన్నాయో చూసుకోండి:

- ఇరుపక్షాల రాతపూర్వక అంగీకారం
- ఒప్పందం, దాన్ని చేర్చిన కోర్టు ఉత్తర్వు నకలు
- అన్ని చెల్లింపుల రసీదులు, బాధితుడి ధ్రువీకరణ
- డబ్బు కాని పనులు పూర్తయినట్టు ఆధారం

ఇవన్నీ కుదిరాక, చెల్లింపు పూర్తయిందని బాధితుడికి ఒక లేఖ పంపండి. బాండు గడువు ఏ తేదీన ముగుస్తుందో, ఆలోపు ఇబ్బంది వస్తే ఏ కార్యాలయానికి రావాలో అందులో రాయండి. దోషికి ఇచ్చే కాగితంలో, సెక్షన్ 3 (మందలించి వదలడం) లేదా 4 కింద విడుదలైనందున, దోషిగా తేలడం వల్ల చట్టం ప్రకారం వచ్చే అనర్హతలు సెక్షన్ 12 కింద అతనికి అంటవని రాసివ్వండి. ఉద్యోగ దరఖాస్తుల దగ్గర ఆ కాగితం అతనికి అవసరపడుతుంది.